పది షిల్లింగుల పాట
(సాలమన్ లిండా జీవితం)

వాన ముఖం చాటేసి, వేరుశనగ చేతికి రాని ఏడు మన గార్లదిన్నె చుట్టుపక్కల పల్లెల జనం మూటాముల్లె కట్టుకొని బెంగుళూరు దారి పట్టడం సభ్యులందరికీ తెలిసిందే. పగలంతా కూలి చేసి, రాత్రి నలుగురూ ఒకచోట చేరి భజన పాట అందుకుంటే పరాయి ఊరిలోనూ మనసు కుదుటపడుతుంది. ఇలాగే పొట్ట చేతబట్టుకొని పట్నం చేరి, పాటతో ప్రపంచాన్ని మెప్పించి కూడా పేదగానే కన్నుమూసిన ఒక ఆఫ్రికా గాయకుని కథ ఇది.

సాలమన్ లిండా 1909లో దక్షిణాఫ్రికాలోని నటాల్ ప్రాంతంలో, పొమెరాయ్ అనే ఊరి దగ్గర ఒక జూలూ కుటుంబంలో జన్మించారు. 1860 నుండి మన తెలుగువారు కూడా చెరకు తోటల్లో కూలీలుగా ఓడలెక్కి వెళ్ళింది ఈ నటాల్‌కే. లిండా చిన్నతనంలో పశువులు కాశారు. మిషన్ బడిలో బృందగానం నేర్చుకున్నారు. 1930 ప్రాంతంలో పని వెతుక్కుంటూ జొహన్నెస్‌బర్గ్ చేరారు.

ఆ నగరంలోని గనుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే జూలూ కార్మికులు హాస్టళ్ళలో ఉండేవారు. శనివారం రాత్రుళ్ళు వారి మధ్య పాటల పోటీలు తెల్లవార్లూ జరిగేవి. వాద్యాలు ఉండవు, గొంతులే వాద్యాలు. లిండా తన ఊరి మిత్రులతో ‘ఈవెనింగ్ బర్డ్స్’ అనే బృందం కట్టారు. మిగిలినవారు మంద్రంలో పాడుతుంటే, తాను గొంతును తారస్థాయికి ఎత్తి పాడేవారు. చక్కని సూట్లు వేసుకొని, అడుగులు కలుపుతూ పాడే ఈ బృందానికి పోటీల్లో మంచి పేరు వచ్చింది.

లిండాకు గాలో రికార్డుల కంపెనీలో రికార్డులు ప్యాకింగ్ చేసే ఉద్యోగం దొరికింది. 1939లో ఆ కంపెనీ స్టూడియోలోనే ఆయన ‘ఎంబుబే’ పాట పాడారు. జూలూ భాషలో ఆ మాటకు సింహం అని అర్థం. పదేళ్ళలో సుమారు లక్ష రికార్డులు అమ్ముడయ్యాయి. ఆ గాన శైలికే ‘ఎంబుబే’ అనే పేరు స్థిరపడింది. కానీ ఆ పాట హక్కులను ఆయన 10 షిల్లింగులకు, అంటే అర పౌనుకు, రాసిచ్చేశారు.

ఆ రికార్డు సముద్రాలు దాటింది. 1950ల మొదట్లో అమెరికాలో పీట్ సీగర్, ఆయన ‘వీవర్స్’ బృందం ఆ పాటను ‘విమొవే’ పేరుతో పాడారు. జూలూ మాటను సరిగా వినకపోవడం వల్ల వచ్చిన పేరది. 1955లో న్యూయార్క్ కార్నెగీ హాలులో జరిగిన వారి ప్రసిద్ధ కచేరీలోనూ ఆ పాట వినిపించింది. 1961లో ‘టోకెన్స్’ బృందం ఇంగ్లీషు మాటలతో పాడగా అది అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. ఆ మరుసటి ఏడాదే, 1962లో, మూత్రపిండాల వ్యాధితో లిండా కన్నుమూశారు. అప్పటికి ఆయన బ్యాంకు ఖాతాలో ఉన్నది 25 డాలర్ల లోపేనట. సమాధిపై రాయి వేయించడానికి కుటుంబానికి 18 ఏళ్ళు పట్టింది.

1994లో డిస్నీవారి ‘లయన్ కింగ్’ చిత్రంలోనూ ఆ బాణీ వినిపించింది. 2019లో అదే కథ మళ్ళీ తీసి తెలుగులోకి డబ్బింగ్ చేయగా, మన మనవలూ మనవరాళ్ళూ చూసి ఆనందించారు.

లిండా భార్య, కుమార్తెలు కూడా ఆయన తదనంతరం మరికొన్ని కాగితాలపై సంతకాలు చేశారు. అయితే 1911 నాటి బ్రిటిష్ కాపీరైట్ చట్టంలో ఒక నిబంధన ఉంది. రచయిత హక్కులు అమ్ముకున్నా, ఆయన మరణించిన 25 ఏళ్ళకు అవి వారసులకు తిరిగి రావాలి. న్యాయవాదులు దానిని వెలికితీసి 2004లో డిస్నీ సంస్థపై దావా వేశారు. 2006 ఫిబ్రవరిలో రాజీ కుదిరి, వెనుకటి బకాయిలతోపాటు ఇకముందు రావలసిన రాయల్టీలో కూడా కుటుంబానికి వాటా లభించింది. అప్పటికి లిండా పోయి 43 ఏళ్ళు దాటింది.

సేవ చేసిన మనిషి పోయినా, ఆయన కష్టానికి రావలసిన బాకీ పోదని ఈ జీవితం చెబుతోంది. అయితే ఏమి రావాలో ఇంట్లోవారికి తెలిసి ఉండాలి. కనుక మిత్రులారా, మన పింఛను పత్రాలూ, నామినీ వివరాలూ, కుటుంబ పింఛను నిబంధనలూ ఇంటి ఇల్లాలికీ, పిల్లలకూ నేడే తెలియజేయండి. చదవని కాగితంపై ఎవరూ సంతకం చేయవద్దని కూడా చెప్పండి.