రుద్రదేవ మహారాజు

ఓరుగల్లు నేలిన కాకతీయ గణపతిదేవునకు పుత్రసంతానము లేదు. కుమార్తెలలో గణపాంబ ధరణికోట ప్రభువైన కోట బేతరాజును పెండ్లాడి అత్తవారింటి కేగెను. రుద్రాంబను మాత్రము తండ్రి కొడుకుగా నెంచి, రుద్రదేవుడను మగపేరిడి, రాజ్యభారము వహింప నేర్పెను.

ప్రాచీన గ్రీకుదేశమున, ఆథెన్సు నగరమందు, కొడుకులు లేని తండ్రి గతించినచో కూతురిని తండ్రివైపు సమీపజ్ఞాతికిచ్చి పెండ్లి చేయు చట్టముండెను. ఆస్తి ఆమెది కాదు. ఆమె కనబోవు కొడుకులది. ప్రజాస్వామ్యమునకు పుట్టినిల్లని పేరుగన్న పట్టణమందలి రీతి యిది. తెలుగునాట నొక తండ్రి కూతురినే సింహాసన మెక్కించెను. అయినను మగపేరు పెట్టక తప్పలేదు. గద్దె ఆమెకు దక్కెను గాని, రాజను మాట మగవానిదిగనే నిలిచెను. ఆమె శాసనములు పెక్కింట మనకు కనబడునది రుద్రదేవ మహారాజే.

1261 నాటి మల్కాపుర శాసనమున తండ్రి మందడమును, కుమార్తె వెలగపూడిని విశ్వేశ్వర శివాచార్యుల కొసగిన వృత్తాంతము గలదు. ఆ ధర్మసంస్థలో పాఠశాల, అన్నసత్రములతో పాటు ప్రసూతిశాలయు నుండెను. పురుషనామము ధరించిన పాలకురాలి దానముతో పురిటి స్త్రీలకు చోటు దొరకుట గమనింపదగిన విషయము.

ఆమె భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. రాచకార్యములలో అతని జాడ మిక్కిలి స్వల్పము.

1262 ప్రాంతమున పాలన పూర్తిగా చేపట్టినంతనే దేవగిరి యాదవ మహాదేవుడు దండెత్తెను. ఆడుదని యెంచి తమ రాజామెను ప్రాణములతో విడిచెనని యాదవుల మంత్రి హేమాద్రి వ్రాసికొనెను. ఇది ఓడినవాని గొప్పగా తోచును. ఏలయన కాకతీయుల శాసనము యాదవరాజ్యపు బీదరు కోటలోనే దొరకెను. రాయగజకేసరి, అనగా రాజులను ఏనుగులకు సింహము, ఆమె బిరుదు. ఓరుగల్లు శిల్పములలో ఖడ్గము, డాలు పూని సింహము నెక్కిన స్త్రీమూర్తి ఆమెయే యని పండితుల తలంపు. పేరు మగదైనను శిల్పి రూపము మార్చలేదు.

తండ్రి మొదలిడిన రాతికోట నామె యెత్తు పెంచెనని ప్రతాపరుద్ర చరిత్రము చెప్పును. నేటి హైదరాబాదు హైటెక్ సిటీకి చేరువనున్న గోలకొండపైనను తొలికోట కాకతీయులదే యని ప్రతీతి.

వెనీసు యాత్రికుడు మార్కో పోలో మోటుపల్లి రాజ్యమును గూర్చి వ్రాయుచు, అచటి రాణి న్యాయపాలనను మెచ్చెను గాని, ఆమెను గతించిన రాజునకు భార్యగా నెంచెను. కూతురు రాజగుట ఆ విదేశీయుని యూహకు అందలేదు కాబోలు!

కొడుకులు లేని యామెయు కుమార్తె ముమ్మడమ్మ కొడుకైన ప్రతాపరుద్రుని దత్తు చేసికొనెను. కడపటి దినములలో కాయస్థ అంబదేవుడు తిరుగబడెను. అతనితోడి పోరులోనే ఆమె నేలకొరగెనని చరిత్రకారులు భావింతురు. నల్లగొండ సీమలోని చందుపట్ల శాసనము 1289 నవంబరు నాటిది. రుద్రమదేవియు, సేనాని మల్లికార్జున నాయకుడును శివలోకమున కేగిరనియు, వారి పుణ్యమునకై పువ్వుల ముమ్మడి యను సేవకుడు సోమనాథదేవునకు భూమి నిచ్చెననియు ఆ రాయి తెలుపుచున్నది.