సముద్రపు లోతు నెరిగించిన పాల్ లాంజెవిన్

పూర్వము నావికులు సముద్రపు లోతును గ్రహింపదలచినపుడు సీసపు గుండు కట్టిన త్రాటిని నీటిలోనికి జారవిడిచి బారలు లెక్కించెడివారు. లోతైన తావుల ఒక్క కొలతకే గంటలు పట్టెడివి. ప్రవాహమునకు త్రాడు వంగినచో లెక్క తప్పెడిది. ఈ కష్టమును తీర్చిన శాస్త్రజ్ఞులలో పాల్ లాంజెవిన్ అగ్రగణ్యుడు.

ఈయన 1872 జనవరి 23వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. పియరీ క్యూరీకి శిష్యుడై, కొంతకాలము కేంబ్రిడ్జిలో జె. జె. థామ్సన్ కడ పరిశోధన మొనర్చి, 1902లో డాక్టరు పట్టమందెను. అయస్కాంత తత్త్వమును గూర్చి 1905లో ప్రకటించిన సిద్ధాంతముచే ఆయన కీర్తి దేశదేశముల వ్యాపించెను.

1912లో టైటానిక్ నౌక మంచుకొండను ఢీకొని మునిగెను. పిమ్మట జర్మనీలో బేమ్, అమెరికాలో ఫెస్సెండెన్ చెవికి వినబడు ధ్వనులతో నీటిలో ప్రతిధ్వనిని పరీక్షించిరి. ప్రపంచ సంగ్రామమున జలాంతర్గాములు ఓడలను ముంచుచుండగా, 1915లో లాంజెవిన్ రష్యా దేశీయుడగు షిలోవ్‌స్కీతో కలిసి, చెవికి వినబడని అతిధ్వనులను చేపట్టెను. సామాన్య ధ్వని నీటిలో నలుదెసలకు చెదరును; సెకనునకు 40,000 కంపనములు గల ధ్వనిని దీపపు వెలుగువలె ఒకే దిక్కునకు పంపవచ్చును. అట్టి ధ్వనిని పుట్టించుటకు ఆయన 1917లో గురువు కనుగొన్న ధర్మమునే ఆశ్రయించెను. పలుగురాతి స్ఫటికమును ఒత్తినచో విద్యుత్తు పుట్టునని పియరీ క్యూరీయు, ఆయన అన్న జాక్ క్యూరీయు 1880లో కనిపెట్టిరి. విద్యుత్తు నిచ్చినచో ఆ రాయి కంపించును. లాంజెవిన్ పలుగురాతి పలకలను ఉక్కు పలకల నడుమ బిగించి నీట కంపింపజేసెను. మరలివచ్చిన ప్రతిధ్వనిని ఆ పలకలే విద్యుత్తుగా మార్చి తెలుపును.

సముద్ర జలమున ధ్వని సెకనునకు సుమారు 1,500 మీటర్లు పోవును. ప్రతిధ్వని 2 సెకనులకు వచ్చినచో రాకపోకల దూరము 3,000 మీటర్లు. అందు సగమైన 1,500 మీటర్లే లోతు. 1918లో యుద్ధము ముగిసెను. నాశనమునకు ప్రతిక్రియగా పుట్టిన ఆ సాధనము పిమ్మట శాంతికాలమున నావికులకును, జాలరులకును ఉపకరించెను.

విద్య లోకహితమునకే యని నమ్మిన లాంజెవిన్ ఫాసిజమును బాహాటముగా నిరసించెను. 1940 అక్టోబరులో, పారిస్ నాక్రమించిన జర్మనులు ఆయనను చెరపట్టి, పిదప ట్ర్వా పట్టణమున నిర్బంధించిరి. 1942లో అల్లుడగు జాక్ సాలొమాన్‌ను కాల్చిచంపిరి. కుమార్తె ఎలేన్‌ను ఆష్విట్జ్ శిబిరమునకు పంపిరి. ఆమె మాత్రము ప్రాణములతో తిరిగివచ్చెను. ఇంత దుఃఖము పైబడినను ఆ వృద్ధుడు తన నమ్మికను విడువలేదు. 1944లో స్విట్జర్లాండునకు తప్పించుకొని, స్వదేశము విముక్తమైనంతనే మరలివచ్చి, విద్యాసంస్కరణ సంఘమున కధ్యక్షుడయ్యెను.

1946 డిసెంబరు 19న ఆయన కాలధర్మము నొందెను. 1948లో ఫ్రాన్సు దేశము ఆయన భౌతికావశేషములను తన మహాపురుషులు విశ్రమించు పాంథియన్ మందిరమున నుంచి గౌరవించెను. పలుగురాతికి మారుగా నేడు పింగాణీ జాతి పదార్థములు వాడుకలో నున్నను, ఓడల అడుగున లోతు నెరిగించు పద్ధతి ఆయన చూపినదే. విద్యతోపాటు ధైర్యమును గూడ ఈ మహనీయుని చరితమునుండి యువజనులు నేర్వదగును.