చెరసాల నుండి సాగిన విన్నపాలు: భక్త రామదాసు జీవితం

గోదావరి తీరాన, అడవుల నడుమ వెలసిన భద్రాచల క్షేత్రాన్ని తలచుకోగానే స్ఫురించే పేరు భక్త రామదాసు. ఆయన అసలు పేరు కంచర్ల గోపన్న. 17వ శతాబ్దంలో నేటి ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో లింగన్న, కామాంబ దంపతులకు జన్మించారు. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కొలువులో ఉన్నత పదవులు నిర్వహించిన అక్కన్న, మాదన్నలు ఆయన మేనమామలు. వారి పలుకుబడితోనే గోపన్నకు పాల్వంచ పరగణా తహశీల్దారు ఉద్యోగం లభించింది.

భద్రగిరిపై దమ్మక్క అనే భక్తురాలు పందిరి వేసి కొలుచుకుంటున్న మూర్తులకు ఆలయం నిర్మించాలని ఆయన సంకల్పించారు. శిస్తుగా వసూలైన 6 లక్షల మొహరీలను సుల్తాను అనుమతి లేకుండానే అందుకు వెచ్చించారని ప్రతీతి. ఉద్దేశం ఎంత పవిత్రమైనదైనా అది ఖజానాకు చేరవలసిన సొమ్ము. ఆ సంగతి తహశీల్దారుకు తెలియనిది కాదు. తానీషా ఆయనను గోల్కొండ కోటలో బంధించారు. మేనమామలు కొలువులో ఉన్నా శిక్ష తప్పలేదు. ఆ చెర 12 సంవత్సరాలు సాగిందని సంప్రదాయం చెబుతుంది.

నిర్బంధంలో ఉన్న వ్యక్తికి న్యాయవాదిని సంప్రదించే హక్కును నేడు రాజ్యాంగంలోని 22వ అధికరణం కల్పిస్తోంది. గోపన్న కాలంలో అటువంటి హక్కు లేదు. ఆయన అర్జీలు కీర్తనలుగా వెలువడ్డాయి. ఒక కీర్తనలో ఏ నగకు ఎన్ని మొహరీలు ఖర్చయినదీ పద్దుల వారీగా శ్రీరామునికి లెక్క అప్పగించారు. నిష్ఠూరాలాడారు. దెబ్బలకు ఓర్వలేక అన్న మాటలని వెంటనే మన్నింపు వేడుకున్నారు. స్వామి పలకకపోవడంతో సీతమ్మను ఆశ్రయించి, ఏకాంతవేళ చూసి తన మనవి విన్నవించవలసిందిగా ప్రార్థించారు. కచేరీ నడిపిన వారికి అర్జీ ఎవరి ద్వారా, ఏ సమయంలో అందాలో తెలియకుండా ఉంటుందా!

ఆ కీర్తనలు కోట గోడలు దాటి జనం నోట నిలిచాయి. అనంతర కాలంలో త్యాగరాజు సైతం తన రచనలలో రామదాసును స్మరించారు.

రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో తానీషా వద్దకు వెళ్లి బాకీ చెల్లించి, చెల్లు రసీదును నిద్రిస్తున్న గోపన్న తలగడ చెంత ఉంచారని భక్తుల విశ్వాసం. అన్నేళ్ల విన్నపాలకు ఆ గాథలో అందిన జవాబు ఆ రసీదే. గోపన్న విడుదలయ్యారు. శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వం ముత్యాల తలంబ్రాలు సమర్పించే ఆచారం తానీషాతోనే మొదలైందని చెబుతారు.

1687లో ఔరంగజేబు గోల్కొండను జయించాక తానీషా దౌలతాబాదు కోటలో బందీగా శేషజీవితం గడిపారు. గోల్కొండలో రామదాసు బందీఖానాను, గోడపై ఆయన చెక్కినవిగా చెప్పే సీతారామలక్ష్మణ, ఆంజనేయ మూర్తులను సందర్శకులు నేటికీ చూడవచ్చు.