నోట్సే రెజ్యూమె అయింది

మీరు పంపిన రెజ్యూమెకి జవాబు రాలేదా? మైఖేల్ ఫారడేకీ రాలేదు. 1791లో ఇంగ్లండ్‌లో ఓ కమ్మరి ఇంట్లో పుట్టాడు. డిగ్రీ లేదు. 14 ఏళ్లకే లండన్‌లో బుక్ బైండింగ్ షాపులో చేరి, అక్కడికొచ్చిన పుస్తకాలు చదివే సైన్స్ నేర్చుకున్నాడు. ఏదైనా పని ఇప్పించమని రాయల్ సొసైటీ అధ్యక్షుడికి రాస్తే స్పందనే లేదు.

1812లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విన్నాడు. ఈసారి ఉత్తరంతో పాటు ఆ నోట్సు నీట్‌గా తిరగరాసి, బైండ్ చేసి డేవీకి పంపాడు. మొదట ఖాళీ లేదన్నారు. 1813లో ల్యాబ్ అసిస్టెంట్ పోస్టు ఖాళీ అవగానే డేవీ పిలిచింది ఈ కుర్రాణ్నే.

ఇరవై ఏళ్ల తర్వాత అక్కడే ఫారడే ఓ సూత్రం తేల్చాడు: ద్రావణంలోంచి ఎంత విద్యుదావేశం పంపితే, దానికి తగ్గట్టే లోహం పేరుకుంటుంది. ఇవాళ నానోవైర్ల తయారీకీ అదే ఆధారం. సూక్ష్మ రంధ్రాలున్న అల్యూమినా పొరకు ఒకవైపు లోహపు పూత వేసి, కాథోడ్‌గా కాపర్ సల్ఫేట్ ద్రావణంలో పెడతారు. కరెంటు ఇస్తే రాగి ఆ రంధ్రాల అడుగు నుంచి పైకి నిండుతుంది. పొరను కాస్టిక్ సోడాలో కరిగిస్తే తీగలు మిగులుతాయి. వాటి పొడవును ముందే అంచనా వేసేది ఫారడే లెక్కతోనే.

ఫారడే 1867లో కన్నుమూశాడు. ఆ లెక్క ఇంకా పనిచేస్తోంది. ఈసారి మీరు రెజ్యూమెతో పాటు, సొంతంగా చేసిన పని ఒకటి జతచేసి పంపండి.