దుమ్ముగూడెము ఆనకట్టయు కాటన్ దొరగారి విన్నపములును

భద్రాచలమునకు ఎగువ నడవులనడుమ గోదావరి కడ్డముగ నిలిచియున్న దుమ్ముగూడెము ఆనకట్టను మన సంఘీయులలో చూడనివారరుదు. ఆ తలంపునకు మూలపురుషులు సర్ ఆర్థర్ కాటన్ గారు.

వీరు 1803 మే 15వ తేదీన జన్మించి, 1821లో మద్రాసు చేరిరి. 1836లో కావేరిపాయయగు కొల్లిడముపై ఆనకట్టలు కట్టించి పేరొందిరి. ఆ కాలమున గోదావరి మండలము 1833 నాటి కరవుచేతను, 1839 నాటి ఉప్పెనచేతను పాడువడియుండెను. 1821లో 7,38,308గా నున్న జనసంఖ్య 1841 నాటికి 5,61,041కి దిగజారెను. కాటన్ గారు 1845లో ధవళేశ్వరము ఆనకట్టకై ద్రవ్యము వేడుచు సర్కారునకు నివేదిక నంపిరి. అందు ప్రజల యిడుములు చెప్పి యూరకుండక, నీరు పారినచో శిస్తెంత పెరుగునో లెక్కగట్టి చూపిరి. 1846లో మంజూరాయెను, 1852 నాటికి కట్టడము ముగిసెను. చెరువుల మరమ్మతుకై కచేరీల చుట్టు దిరుగు మనవారికీ మర్మము తెలియనిది గాదు.

పిమ్మట మధ్యపరగణాల పత్తిని పడవలపై సముద్రమునకు దింపవలెనని వారు మరల విన్నవించిరి. నదిలో మూడుచోట్ల రాతిబండలడ్డు, మొదటిది దుమ్ముగూడెమే. అచ్చట హేగ్ దొరగారి యాజమాన్యమున ఆనకట్టయు, కాలువయు, లాకులును వెలసెను. కాని యది అడవిసీమ. డెల్టావలె శిస్తు చూపుటకు మాగాణి లేదు. ఇంతలో రైలు నాగపురము చేరి పత్తిని బొంబాయికి లాగుకొనెను. 1871లో పని నిలిపివేయబడెను. సర్కారువారు తొందరపడిరనియే మా యభిప్రాయము.

కాటన్ గారు మాత్రము సీమకు మరలిన పిదపను జలమార్గములకై వాదించుట మానలేదు. 1899 జూలై 24న దివంగతులైరి.