శామ్యూలు ఆర్టనుగారి జీవితము

పసుపు త్రవ్వకములు సాగుచున్న దినములలో మెండోర గ్రామపు రైతు ఒకడు పదునొకండేండ్ల తన కుమారుని వెంటబెట్టుకొని మాయొద్దకు వచ్చెను. ఆ బాలుడు పసుపు బస్తాల లెక్క నోటితోనే తప్పక చెప్పును. ఏ మడికి ఏనాడు నీరు పెట్టవలయునో ఎఱుగును. ఒక్కమారు విన్న కథను మొదటినుండి తుదివరకు మరల చెప్పును. కాని తెలుగు వాచకములో రెండు పంక్తులు చదువుమన్నచో వానికి చెమటలు పట్టును. వీనిని పట్టణమందలి ప్రత్యేక పాఠశాలకు పంపవలయునా, లేక చదువు మాన్పించి పొలమునకు తోడ్కొని పోవలయునా యని తండ్రి అడిగెను. మేము వెంటనే ఉత్తరమీయజాలకపోతిమి. ఇట్టి బాలుర నిమిత్తమై తన పాండిత్యమంతయు వెచ్చించిన వైద్యుడొకడు కలడు. ఆయన చరిత్రమును తెలిసికొన్నయెడల ఆ తండ్రికి చెప్పవలసిన ఉత్తరము మనకును దొరకును గనుక, దానిని ఈ సంచికలో సంగ్రహముగా వ్రాయుచున్నాము.

శామ్యూలు టారీ ఆర్టనుగారు 1879వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన అమెరికా దేశమందలి కొలంబసు పట్టణమున జన్మించిరి. ఆయన తండ్రి భూగర్భశాస్త్రమున పేరుగన్నవాడు. ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు మొదటి అధ్యక్షుడు. శామ్యూలుగారు ఆ విశ్వవిద్యాలయమందే 1901లో పట్టమును, 1905లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున వైద్యపట్టమును పొందిరి. మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించు విద్యయందు వారికి మిక్కిలి ఆసక్తి. అందువలన జర్మనీ దేశమునకు పోయి, ప్రఖ్యాతుడైన ఆల్జ్‌హైమరు పండితునియొద్ద కొంతకాలము శిక్షణ పొందిరి. మెదడులో ఎడమభాగము దెబ్బతినినవారు కొందఱు, కన్నులు చక్కగా కానవచ్చుచున్నను, పూర్వము చదివిన అక్షరములను చదువజాలకపోవుదురు. ఈ సంగతి ఆర్టనుగారి మనస్సున గట్టిగా నాటుకొనెను. 1919లో ఆయన అయోవా రాష్ట్రమందలి మానసిక వైద్యశాలకు మొదటి అధికారిగా నియమింపబడిరి.

ఆరోగ్యవంతులైన బిడ్డలలోను ఇట్టి కష్టము గలదని అంతకుముందే కొందఱు వైద్యులు గుర్తించియుండిరి. 1877లో కుస్మౌల్ అను జర్మను వైద్యుడు పెద్దలలో కనిపించు దీనికి పదాంధత్వమని పేరిడెను. బెర్లిన్ అను వైద్యుడు డిస్లెక్సియా అను మాటను కల్పించెను. 1896లో ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గన్ అను వైద్యుడు, తెలివిగలవాడయ్యును చదువజాలని పదునాలుగేండ్ల బాలునిగూర్చి వ్రాసెను. గ్లాస్గో పట్టణపు నేత్రవైద్యుడు హిన్షెల్‌వుడ్ 1917లో ఒక గ్రంథమునే ప్రకటించెను. అయినను బడులలో మాత్రము ఇట్టివారికి మందబుద్ధులనియు సోమరులనియు పేరు మానలేదు.

1925వ సంవత్సరము జనవరి మాసమున ఆర్టనుగారు తమ సహాయకులతో అయోవాలోని గ్రీన్ కౌంటీ అను వ్యవసాయ ప్రాంతమునకు పోయి, అచ్చట రెండు వారములు వైద్యశిబిరము నడపిరి. చదువులో వెనుకబడిన పిల్లలను తమయొద్దకు పంపుడని ఉపాధ్యాయులను కోరిరి. వచ్చినవారిలో పదునాఱేండ్ల బాలుడొకడుండెను. అన్నియేండ్లు బడికి పోయియు వాడు చదువనేరడు. బుద్ధిపరీక్షలో వానికి వచ్చినది 71 మాత్రమే. ఆ అంకె చూచి మఱియొకరైనచో కాగితము మడిచి పక్కనబెట్టియుందురు. ఆర్టనుగారు అట్లు చేయలేదు. యంత్రభాగముల అమరికను మనస్సున చిత్రించుకొనినగాని చెప్పజాలని ప్రశ్నలను వానినడిగిరి. బాలుడు తడబడక ఉత్తరములిచ్చెను. ఆ అంకె వాని బుద్ధిని కొలువలేదని ఆయనకు తోచెను. చదువలేకపోవుటవేఱు, బుద్ధి లేకపోవుటవేఱు అను తెలివిడియే ఆయన తరువాతి జీవితమును నడిపెను. ఆ సంవత్సరమే ఆ పరిశోధనను ప్రకటించిరి.

ఈ ఘట్టమును చదివినప్పుడు మాకు సిగ్గు కలిగినది. ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించిన తొలినాళ్లలో ఇట్టి బాలునొకని మేము సోమరియని తలంచి బల్లపై నిలిపితిమి. వాడు పాఠమును పొరుగువాని నోటవిని కంఠస్థము చేసి, పుస్తకమును తలక్రిందుగా పట్టుకొనియు తప్పులేకుండ అప్పగించెడివాడు. తరగతియంతయు నవ్వెను; మేమును నవ్వితిమి. అంత జ్ఞాపకశక్తి గలవాడు సోమరి యెట్లగునని ఆనాడు ఆలోచింపమైతిమి. మఱుసటి సంవత్సరము వాడు బడికి రాలేదు. ఇప్పుడు మా తరగతులలో పిల్లలు ప-వ, మ-య, ద-డ అక్షరములను ఒకదానికొకటి మార్చి చదువుటయు, గుణింతపు గుర్తులను జారవిడుచుటయు, వత్తులయొద్ద నిలిచిపోవుటయు చూచినప్పుడెల్ల ఆ బాలుడు జ్ఞప్తికి వచ్చును.

పిల్లలు అక్షరములను త్రిప్పి వ్రాయుట చూచి ఆర్టనుగారు ఈ కష్టమునకు మెలిపడిన గుర్తులు అను అర్థమిచ్చు గ్రీకు పేరొకటి పెట్టిరి. మెదడులోని రెండు భాగములలో ఒకటి మఱియొకదానిపై ఆధిపత్యము పొందకపోవుటయే కారణమని ఊహించిరి. ఈ ఊహ నిలువలేదు. మాటలోని ధ్వనులను విడదీసి పట్టుకొని, వానిని అక్షరములతో జతపఱచుటయందే ముఖ్యమైన చిక్కు కలదని తరువాతి పరిశోధకులు కనుగొనిరి. లేబ్రాయపు పిల్లలు పెక్కుమంది కొంతకాలము అక్షరములు త్రిప్పి వ్రాయుదురు; అంతమాత్రమున భయపడవలదు. పండితుని సిద్ధాంతము తప్పినను ఆయన చూపిన బోధనామార్గము మాత్రము నిలిచినది.

ఆ మార్గమెట్టిది? ఆ కాలమున అమెరికా బడులలో మాట మొత్తమును బొమ్మవలె చూచి గుర్తుపట్టుడని నేర్పుచుండిరి. ఈ పద్ధతి కొందఱు పిల్లలకు హానిచేయునని ఆర్టనుగారు 1929లో హెచ్చరించిరి. 1928లో ఆయన న్యూయార్కు నగరమునకు వచ్చి, అచ్చటి నాడీవైద్య సంస్థలో పనిచేయుచుండిరి. అన్నా గిల్లింగ్‌హాము, బెస్సీ స్టిల్‌మను అను ఇరువురు ఉపాధ్యాయినులు ఆయన ఊహలను పాఠములుగా మలచి, 1930ల దశకమున బోధకులకొక గ్రంథమును సిద్ధపఱచిరి. దాని ప్రకారము బిడ్డ అక్షరమును కంటితో చూచును, దాని ధ్వనిని చెవితో వినును, నోటితో పలుకును, అదే సమయమున వేలితో దిద్దును. ఒక ధ్వని స్థిరపడినపిమ్మటనే రెండవదానికి పోవుదురు. నేర్చినదానిని ప్రతిదినము మరల చూతురు. ఊహించి చదువుటకు తావీయరు. మన తాతలు ఇసుకలో అక్షరములు దిద్దుచు పైకి పలుకుట ఇట్టిదే కదా! అయితే పిల్లవానికి ఎచ్చట తెగిపోయినదో కనిపెట్టి అచ్చటనుండి క్రమముగా కట్టుకొని వచ్చుటయే ఈ పద్ధతియందలి విశేషము.

ఆర్టనుగారు 1937లో పిల్లల పఠన లేఖన భాషణ కష్టములనుగూర్చి గొప్ప గ్రంథమును ప్రకటించిరి. 1948వ సంవత్సరము నవంబరు 17వ తేదీన పరమపదించిరి. ఆయన భార్య జూన్ ఆర్టనుగారు మఱుసటి సంవత్సరమే ఆయన పేరిట ఒక సంఘమును స్థాపించిరి. అదియే 1997 నుండి అంతర్జాతీయ డిస్లెక్సియా సంఘమని పిలువబడుచున్నది.

ఇక మెండోర తండ్రి ప్రశ్నకు వత్తము. మొదట బిడ్డ కన్నులను చెవులను వైద్యునిచే పరీక్షింపజేయవలెను. పిమ్మట మనస్తత్వ నిపుణునిచే చదువును, బుద్ధిని వేఱువేఱుగా పరీక్షింపజేయవలెను. ప్రత్యేక పాఠశాలను చూడబోయినప్పుడు భవనమును చూడక, ఉపాధ్యాయులనిట్లు అడుగవలెను. మీరు ధ్వనులనుండి క్రమముగా నేర్పుదురా? ఒక్కొక్క బిడ్డకు ప్రత్యేకముగా కాలమిత్తురా? ఈ కష్టమునకై శిక్షణ పొందితిరా? ఇంటిభాషయగు తెలుగును నేర్పుదురా? బిడ్డ ముందుకు సాగినది లేనిది ఎట్లు కొలుతురు? మరల మామూలు బడికి ఎప్పుడు పంపుదురు? త్వరలో పూర్తిగా నయము చేయుదుమని వాగ్దానము చేయువారిని నమ్మరాదు. ఏలయన ఇది మందుతో కుదురు వ్యాధి కాదు. మంచి బోధనచే దారి సుగమమగును.

మన పొరుగున చెన్నపట్టణమందు 1991లో స్థాపింపబడిన మద్రాసు డిస్లెక్సియా సంఘము పిల్లలకు ఈవిధమున నేర్పుటతోబాటు మామూలు బడుల ఉపాధ్యాయులకును శిక్షణనిచ్చుచున్నది. 2016లో మన దేశమున చేయబడిన వికలాంగుల హక్కుల చట్టము ఈ కష్టమును గుర్తించినది. పిల్లలలో దీనిని వీలైనంత త్వరగా కనిపెట్టవలెనని శాసించినది. ఆ చట్టము ప్రకారము నలువది శాతమునకు తక్కువకాని వైకల్యము కలదని ధ్రువపత్రము పొందిన బిడ్డకు, ఆరవయేటినుండి పదునెనిమిదవయేటివరకు, సమీపమందలి పాఠశాలలోగాని తాము కోరిన ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితవిద్య పొందు హక్కు గలదు. తలిదండ్రులారా, ఈ పత్రమును అవమానముగా తలంపవలదు. అది బిడ్డకు తలుపు తెఱచు తాళపుచెవి.

కాబట్టి మేము ఆ రైతునకిట్లు చెప్పితిమి. బిడ్డను పొలమునకు పంపవలదు. పరీక్ష చేయింపుము. వానికి తగిన బోధన ఎచ్చట దొరకునో అదియే వానికి ప్రత్యేక పాఠశాల. అది పట్టణమున దొరికినచో పంపుము. దొరకువఱకు ప్రతి సాయంకాలము మాయొద్దకు పంపుము. బాలుడు నాటినుండి దినమున కర్ధగంట వచ్చుచున్నాడు. పళ్లెములోని ఇసుకలో వ్రాసి, పలికి, చెరిపి, మరల వ్రాయుచున్నాడు. ఇంకను వత్తులు కష్టముగనే యున్నవి. కాని గతవారమున వాడు పసుపు బస్తాపై వ్రాసిన తన తండ్రి పేరును ఎవరి సహాయము లేకుండ చదివెనట. ఆ సంగతి చెప్పుటకై తండ్రి పని మానుకొని బడికి వచ్చెను.

పసుపుకొమ్ము మట్టిలోనున్నంతకాలము దాని రంగు ఎవరికిని కానరాదు. త్రవ్వువాడు గునపమును ఒడుపుగా వేయకున్న కొమ్ము తెగును. ఇది మెండోర రైతులకు మేము నేర్పవలసినది కాదు. వారినుండి మేము నేర్చుకొనవలసినది. విద్యార్థులారా, మీ ప్రక్కన కూర్చుండి చదువజాలక తల వంచుకొనువానిని చూచి నవ్వకుడు. తొంబదితొమ్మిదింటిని విడిచి తప్పిపోయిన ఒక్క గొఱ్ఱెను వెదకబోయిన కాపరిని ఎఱిగిన మనము, తరగతిలో వెనుకబడిన ఆ ఒక్కనికొఱకు ఒక అర్ధగంట వెచ్చింపజాలమా?