గాదె తలుపు వేయని సీతమ్మగారు

నెలాఖరు వచ్చిందంటే మన వంటిళ్లలో ఓ చప్పుడు మొదలవుతుంది, ఎప్పుడైనా గమనించారా? బియ్యం డబ్బాలో గ్లాసు అడుక్కి తగిలే చప్పుడు. ఆ చప్పుడు వినపడగానే మన మనసులో లెక్కలు మొదలవుతాయి. ఇంకెన్నాళ్లు వస్తుంది, ఈ పూట పులిహోర కలిపేస్తే గడిచిపోతుందా, రేపు ఉప్మాతో సరిపెట్టొచ్చా అని.

2020 మార్చిలో కొట్లన్నీ మూతపడ్డప్పుడు నేను ఆ లెక్కల్లో పండిపోయాను. అలమర్లన్నీ దులిపితే మూలన మూడు పొట్లాల పెసరపప్పు, ఎప్పటివో గుమ్మడి వడియాలు, అత్తయ్యగారు పంపిన మాగాయ, అర డబ్బా అటుకులు బయటపడ్డాయి. వాటితోనే చాలా రోజులు నడిపాను. నలుగురికీ ఏ పూటా లోటు రాలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

అలాంటి ఓ మధ్యాహ్నం, నడిచి సొంతూరికి పోతున్న ఓ కుటుంబం మా గేటు దగ్గర ఆగింది. చంకలో ఓ బిడ్డ. ఏవైనా పెట్టమ్మా అన్నారు. పెట్టాను. కానీ పెట్టేముందు లోపలికెళ్లి బియ్యం డబ్బా మూత తీసి చూసుకున్నాను. ఆ మూత తీసిన సంగతి ఎవరికీ చెప్పలేదు. నాకు మాత్రం ఇప్పటికీ గుర్తుంది. ఆ రాత్రి చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పిన డొక్కా సీతమ్మగారు గుర్తొచ్చారు. పెట్టేముందు గాదెలో ఎంతుందని చూసుకోని ఇల్లాలు అని అమ్మమ్మ చెప్పేది. నిజంగా చూసుకునేవారు కాదా? చూసుకోకుండా ఇల్లు ఎలా నడిపారు? ఆవిడ కథ మళ్లీ ఓసారి నెమ్మదిగా చెప్పుకోవాలనిపించింది.

బువ్వన్నగారి అమ్మాయి

సీతమ్మగారు 1841లో తూర్పు గోదావరి ప్రాంతంలోని మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరంగారు, తల్లి నరసమ్మగారు. ఆకలని వచ్చినవాళ్లందరికీ అన్నం పెడతాడని తండ్రిని ఊళ్లో బువ్వన్న అని పిలిచేవారట. చూశారా, పేరే మారిపోయింది పాపం ఆయనకి.

తల్లి ముందే పోవడంతో చిన్నతనంలోనే ఇంటి బాధ్యత సీతమ్మగారి మీద పడింది. బడి చదువు లేదు. ఆ రోజుల్లో ఆడపిల్లలకి ఎక్కడుంది? కానీ వంటిల్లు అనే బడిలో ఆవిడ చదవని పాఠం లేదు. ఎంతమంది వస్తే ఎసట్లో ఎంత పోయాలి, అనుకోని మనిషి వస్తే పులుసుని ఎలా సాగదీయాలి, పెట్టేవాళ్ల మొహం ఎలా ఉండాలి, అన్నీ పుట్టింట్లోనే వచ్చాయి.

ఓసారి పండిత సభకి వెళ్లి తిరిగొస్తున్న లంకల గన్నవరం రైతు డొక్కా జోగన్న పంతులుగారు భోజనం వేళకి వీళ్లింట్లో ఆగారని, ఆ అమ్మాయి అతిథిని చూసుకున్న తీరు నచ్చి పెళ్లాడారని చెబుతారు. అలా మండపేట పిల్ల కోనసీమ కోడలయింది. ఇంటిపేరు డొక్కా అయింది. డొక్కలు నింపడమే ఆవిడ పని అవుతుందని అప్పుడెవరనుకున్నారో!

నది ఒడ్డున ఇల్లు

లంకల గన్నవరం గోదావరి పాయ అయిన వైనతేయ పక్కన ఉంటుంది. ఈ ఊరు ఎక్కడుందో తెలిస్తేనే సీతమ్మగారి కథ అర్థమవుతుంది. కోనసీమంటే చుట్టూ నీళ్లే. ఇప్పటిలా వంతెనలు, బస్సులు లేవు. ఏ ఊరు వెళ్లాలన్నా పడవ ఎక్కాలి, రేవు దాటాలి, ఆ తరవాత నడవాలి. పడవ తప్పిపోతే ఆ పూటకి అక్కడే. వరదొస్తే ఎన్నాళ్లో తెలియదు. డబ్బిచ్చి అన్నం తిందామన్నా పూటకూళ్లిల్లు అన్ని ఊళ్లలోనూ ఉండేది కాదు. చేతిలో డబ్బున్నవాడు కూడా ఆకలితో నిలబడే దారి అది. లేనివాడి సంగతి చెప్పక్కర్లేదు.

అలాంటి దారిలో ఏ వేళకి వెళ్లినా అన్నం దొరికే ఇల్లు ఒకటుందని తెలిస్తే ఎలా ఉంటుంది? ఆ మాట పడవ పడవకీ పాకింది. ఏ కులం, ఏ ఊరు అని అడగకుండా పెట్టేవారని చెబుతారు. ఆ రోజుల్లో, అందులోనూ ఓ బ్రాహ్మణ ఇంట్లో, అది మాటలతో అయ్యే పని కాదని మనకి తెలుసు.

కొట్టుకెళ్లకుండా ఎలా వండారు?

ఇదే నాకు ఎప్పుడూ ఆశ్చర్యం. మనం నలుగురికి వండటానికి వారానికి రెండుసార్లు కొట్టుకి వెళ్తాం. ఇప్పుడైతే ఫోను నొక్కితే కొట్టే ఇంటికొస్తోంది. మరి అన్ని విస్తళ్లకి సరుకులు ఎక్కడివి?

పొలంలోవి. డెల్టా రైతు ఇంటి వంటిల్లు పొలం గట్టు దగ్గరే మొదలయ్యేది. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటికి సీతమ్మగారికి పది, పదకొండేళ్లు. ఆ తరవాత గన్నవరం దగ్గరే కాలవ నీళ్లని నది మీదుగా అవతలి లంకకి దాటించే అక్విడక్టు కట్టారు. కాటన్ దొర కాలవలొచ్చాక కోనసీమలో వరి నిలదొక్కుకుంది. అంతకుముందు తరం 1832, 33 నాటి నందన కరువు చూసింది. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని ధాత కరువు పీల్చేసినప్పుడు మాత్రం కాలవలున్న గోదావరి జిల్లాలో తిండి గింజలు మిగిలాయి. అంటే సీతమ్మగారి చేతికి గింజనిచ్చింది ఆ కాలవ నీళ్లు. ఆ గింజని ఎవరి విస్తట్లో వెయ్యాలో తేల్చింది మాత్రం ఆవిడే.

అలాంటి ఇళ్లలో ఏడాది సరుకులు ఎలా ఉండేవో మన అమ్మమ్మలు చెప్పేవారు కదా. ధాన్యం గాదెల్లో, పురుల్లో. కందులు, పెసలు, మినుములు కుండల్లో, మధ్యమధ్య వేపాకు. కొత్త చింతపండు గింజ తీసి, ఉప్పు కలిపి జాడీల్లో. వేసవిలో పెట్టిన ఆవకాయ, మాగాయ, ఎండబెట్టిన వడియాలు, అప్పడాలు వానాకాలానికి కూర. దొడ్లో కంద, పెండలం, అరటి, పనస, బచ్చలి తీగ, కొబ్బరి చెట్లు. కంద, బచ్చలి కలిపి వండే కూర కోనసీమ సొంతం. పనస పొట్టుకి ఆవపెడితే పెళ్లి విందే. పాడి ఉంటే పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి. మిగిలిన అన్నం పొద్దున్నకి చద్దన్నం. గంజీ కడుగూ పులిస్తే తరవాణి. ఏదీ పారబోసేది ఉండదు. ఉప్పు, ఇంగువ లాంటి ఇంట్లో పండనివి తప్ప కొనాల్సింది తక్కువ.

సరే, గింజ ఉంది. మరి అది అన్నం ఎలా అవుతుంది? ఓ చిన్న లెక్క వేశాను. ఇది నా లెక్కే సుమండీ. రోజుకి యాభై మంది వస్తారనుకుందాం. దారి నడిచొచ్చిన మనిషి పూటకి పావుకిలో బియ్యం తింటాడు. అంటే పన్నెండున్నర కిలోలు. డెబ్భై అయిదు కిలోల వడ్ల బస్తా ఆడిస్తే యాభై కిలోల బియ్యం వస్తాయి కాబట్టి ఓ బస్తా నాలుగు రోజులకి సరి. ఏడాదికి తొంభై బస్తాల పైమాట. అదీ ఒక్క పూటకే, ఇంటివాళ్లని లెక్కలో వెయ్యకుండా.

ఆ బస్తాలు మరలో ఆడిస్తే వచ్చేవి కావు. రోట్లో పోసి రోకలితో దంచాలి, చేటతో చెరగాలి. పప్పు తిరగల్లో విసరాలి. నీళ్లు మోసుకురావాలి. పుల్లలు తడిస్తే పొయ్యి ఊదీ ఊదీ కళ్లు మండాలి. అన్నదానం అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ, ఆ మాట వెనక ఎంతమంది ఆడవాళ్ల చేతులు రోజూ కాయలు కాశాయో కదా. సీతమ్మగారి చేతులు అందులో ముందున్నవి.

అంతర్వేది దాకా వెళ్లలేదు

ఇంత చాకిరీ చేసిన మనిషికి ఓ చిన్న కోరిక ఉండేదట. అంతర్వేది వెళ్లి నరసింహస్వామిని చూసి రావాలని. గన్నవరం నుంచి అంతర్వేది ఏమంత దూరం? అయినా ఇల్లు వదిలితే వచ్చేవాళ్లకి ఎవరు పెడతారని ఏళ్ల తరబడి కదల్లేదు.

చివరికి ఓసారి బయల్దేరారు. దారిలో కాసేపు ఆగినప్పుడు ఎవరో కుటుంబం మాటలు చెవిన పడ్డాయి. పిల్లలు ఆకలని ఏడుస్తుంటే పెద్దవాళ్లు, ఇంకాస్త దూరం ఓర్చుకోండి, గన్నవరంలో సీతమ్మగారింట్లో అన్నం తిందాం అని సముదాయిస్తున్నారు. అంతే. ఆవిడ వెనక్కి తిరిగారు. వాళ్లకంటే ముందు ఇల్లు చేరి వంట సిద్ధం చేశారు. ఇది ఆ ప్రాంతంలో అందరూ చెప్పుకునే సంగతి.

వరద రోజుల్లో అవతలి లంకలో ఎవరో ఆకలితో కేకలు పెడుతుంటే, అన్నం మూటతో భర్తని వెంటబెట్టుకుని పడవలో నది దాటారని కూడా చెబుతారు. ఇక్కడ జోగన్నగారిని మర్చిపోకూడదు. పొలం ఆయనది. ఆ రోజుల్లో వద్దని ఒక్క మాటంటే గాదె తలుపు పడిపోయేది. ఆ మాట ఆయన నోటి నుంచి రాలేదు.

కరిగిన ఆస్తి

ఈ కథలో మనం త్వరగా దాటేసే భాగం ఒకటుంది. పెట్టగా పెట్టగా ఆస్తి తరిగిపోయిందని చెబుతారు. తరగకుండా ఎలా ఉంటుంది? గాదె అక్షయపాత్ర కాదు కదా. పొలంలో జోగన్నగారికి లంకెబిందె దొరికి మళ్లీ గాదె నిండిందని ఓ కథ ఉంది. జనానికి అలా అనుకోవడం ఇష్టం. మంచి మనిషికి దేవుడు లెక్క సరిచేశాడంటే మనకి నిద్ర పడుతుంది.

నాకు మాత్రం బిందె కంటే అది దొరకక ముందు రోజులే పెద్దవిగా కనిపిస్తాయి. తరుగుతోందని ఆవిడకి తెలియదా? ఇంటి ఇల్లాలికి తెలియకుండా గాదె అడుగు కనిపిస్తుందా? చూసుకోని ఇల్లాలు అని అమ్మమ్మ చెప్పిన మాట తప్పేమో అనిపిస్తోంది ఇప్పుడు. ఆవిడ చూసుకునే ఉంటారు. మనకంటే బాగా లెక్క తెలిసినావిడ. చూసుకుని కూడా పెట్టారు. అదే కష్టమైన పని.

పట్టాభిషేకానికి వెళ్లలేదు

గోదావరి పడవల్లో మొదలైన పేరు దొరల చెవిదాకా వెళ్లింది. ఏడో ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేక సంబరంగా 1903 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిగింది. ఆ వేడుకకి రమ్మని ఆవిడకి ప్రభుత్వం నుంచి పిలుపు వచ్చిందని, వచ్చేపోయేవాళ్లకి అన్నం పెట్టడం ఆగిపోతుందని ఆవిడ వెళ్లనన్నారని చెబుతారు. కనీసం ఫొటో అయినా పంపమని పైనుంచి ఉత్తర్వు రావడంతో, ఇవ్వకపోతే అధికారి ఉద్యోగానికి ముప్పొస్తుందేమోనని ఒప్పుకున్నారట. తన గొప్ప కోసం కాదు, ఇంకొకరి కూటి కోసం.

ఆ ఫొటో ఇప్పటికీ మనం చూస్తాం. తల మీద కొంగు కప్పుకున్న పెద్దావిడ. నగలూ నాణ్యాలూ ఏవీ లేవు. ఫొటో తీస్తున్నారని మొహంలో ఉత్సాహమూ లేదు. పొయ్యి మీద ఎసరు పెట్టొచ్చి మధ్యలో కూర్చున్నట్టుంటారు.

1909లో సీతమ్మగారు కన్నుమూశారు. దాదాపు అరవై ఎనిమిదేళ్ల జీవితంలో ఆవిడ ఓ పుస్తకం రాయలేదు, సభలో మాట్లాడలేదు. అయినా పేరు నిలిచింది. గన్నవరం దగ్గర వైనతేయ మీద 2000 సంవత్సరంలో వచ్చిన కొత్త అక్విడక్టుకి ఆవిడ పేరు పెట్టారు. ఆవిడ గాదె నింపిన కాలవ నీళ్లు ఆ పేరు మీదుగా నది దాటడం చూస్తే ముచ్చటేస్తుంది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే పెట్టింది. పళ్లెం ముందు కూర్చున్న పిల్లలకి ఆవిడెవరో తెలియకపోవచ్చు. ఆవిడకీ తన విస్తట్లో తిన్నవాళ్ల పేర్లు తెలియవు.

మనమందరం సీతమ్మలం కాలేం. మన జీతాలు వేరు, మన అలమర్లు వేరు. కానీ కొనకుండా ఉన్నవాటితో ఇల్లు నడపడం వచ్చిన ఆడవాళ్లం. ఆ విద్య మన నలుగురి కోసమే అయితే అది పొదుపు. దాంట్లోంచి ఓ గుప్పెడు ఇంకొకరి కోసం తియ్యగలిగితే అది సీతమ్మగారి విద్య.

ఇప్పుడు మా ఇంట్లో బియ్యం డబ్బా పక్కన ఓ చిన్న డబ్బా పెట్టాను. రోజూ ఎసట్లో పోసేముందు ఓ గుప్పెడు అందులో వేస్తాను. అది ఎవరి కోసమో తెలియదు. గేటు దగ్గర ఎవరైనా నిలబడితే పెద్ద డబ్బా మూత తియ్యకుండా, దీని మూత తీస్తాను.